ఇంటిలో విద్యుచ్ఛక్తి: గృహస్థు చేసికొనదగినది, చేయరానిది

వానకాలము వచ్చినదనగానే ఉతికిన బట్టలు ఆరవేయుట ఇల్లాలికి పెద్ద సమస్య. చూరు క్రింది కొక్కెము నుండి వీధిలోని కరెంటు స్తంభమునకో, సర్వీసు వైరును మోయుచున్న ఇనుప తీగెకో ఒక దండెము కట్టి, తడిబట్టలు దానిపై వేయుట మన పల్లెలలో నేటికిని కనబడు అలవాటు. సర్వీసు వైరు మీది తొడుగు ఎండకు పెళుసెక్కి పగులును. గాలికి ఊగి ఊగి, తనను మోయుచున్న ఇనుప తీగెతో ఒరసికొనును. ఒకనాటికి ఆ ఒరపిడి తొడుగును దాటి లోపలి లోహము వరకు దిగును. ఆనాటి నుండి అది దండెము కాదు, కరెంటు తీగె. తడి నేలపై వట్టి కాళ్లతో, తడిబట్ట చేతబట్టుకొని నిలిచిన స్త్రీకి ఆ సంగతి తెలియు మార్గము లేదు. ఆమె కేక విని పరుగెత్తి వచ్చిన భర్త ఆమెనే పట్టుకొనును. ఒకే ఇంట, ఒకే నిమిషమున రెండు ప్రాణములు పోయిన వార్తలు ఏటేట పత్రికలలో చదువుచునే యున్నాము.

కొంతకాలము క్రిందట మేము ఉద్యోగవిధిపై ఒక గ్రామమునకు పోయితిమి. అట్టి ప్రమాదము అచ్చట జరిగి అప్పటికి ఏడాది నిండలేదు. ఆ ఇంట మాత్రము ఇనుప దండెము తీసివైచి నైలాను త్రాడు కట్టియున్నారు. వీధి చివరి వరకు నడచి చూచితిమి. తక్కిన ఇండ్లలో ఇనుప దండెములు ఎప్పటివలెనే యున్నవి. ఎందుకు మార్చలేదని ఒక పెద్దమనిషిని అడుగగా, "మా ఇంటికి ఫ్యూజు ఉంది గదండీ, ఏమన్నా అయితే అదే పోతుంది" అని ఆయన నిశ్చింతగా బదులు చెప్పినారు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము. ఆయన ఒక్కరే కాదు, చదువుకొన్నవారిలో కూడ పెక్కుమంది ఫ్యూజు తమ ప్రాణములకు కావలి యున్నదని నమ్ముచున్నారు. అది నిజము కాదు.

ఫ్యూజు కాపాడునది ఎవరిని?

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 15 ఆంపియర్ల ఫ్యూజు, అంతకు బాగుగా మించిన ప్రవాహము కొంతసేపు నిలిచినప్పుడు మాత్రమే కరగును. మనుష్యుని గుండె లయ తప్పుటకు అంత ప్రవాహము అక్కరలేదు. ఆంపియరులో వేయవ వంతును మిల్లీ ఆంపియరు అందురు. అట్టివి నూరు మిల్లీ ఆంపియర్లు రెండు మూడు సెకనులు ఎదురురొమ్ము గుండ ప్రవహించిన చాలు, ప్రాణాపాయము సంభవింపవచ్చును. చెమటతోనో నీటితోనో తడిసిన శరీరము కరెంటునకు చూపు అడ్డు సుమారు 1000 ఓములు. 230 వోల్టులను 1000 చేత భాగించిన 230 మిల్లీ ఆంపియర్లు వచ్చును. మనిషి చనిపోవుటకు ఇది చాలినంతకంటె ఎక్కువ. ఫ్యూజునకు చీమ కుట్టినంత కూడ కాదు. చలిదేశములలో బూట్లు తొడిగి చెక్క నేలపై తిరుగువారికంటె, ఎండకు చెమర్చి వట్టి కాళ్లతో మట్టి నేలపై నడచు మనకు ఈ భయము హెచ్చు.

మరి ఫ్యూజు దేనికి? అది గోడలోని తీగెను కాపాడుటకు. తీగె మోయగలిగిన దానికంటె ఎక్కువ కరెంటు పోయినచో తీగె వేడెక్కి, తొడుగు కరిగి, ఇల్లు అంటుకొనును. అట్లు కాకుండ మధ్యలో ఒక సన్నని తీగె ముందుగా తెగిపోవుటయే ఫ్యూజు ధర్మము. 5 ఆంపియర్లకు తగిన ఫ్యూజు తీగె మందము మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే. 15 ఆంపియర్లకు అర మిల్లీమీటరు. మాటిమాటికి పోవుచున్నదని విసిగి, సైకిలు బ్రేకు తీగెలోని పోగునో, పాత వైరులోని నాలుగు పోగులు మెలివేసియో ఫ్యూజులో బిగించువారు తమ ఇంటికి తామే నిప్పు సిద్ధము చేసికొనుచున్నారు. ఇప్పుడు ఫ్యూజునకు బదులు ఎం.సి.బి. అను చిన్న స్విచ్చి వచ్చినది. అది తెగదు, తనంతట తాను క్రిందికి పడును. దాని ధర్మమును అదే. 16 ఆంపియర్లది పడుచున్నదని 32 ఆంపియర్లది తెచ్చి పెట్టించుట, ఫ్యూజులో ఇనుప తీగె వేయుట వంటిదే. పడుటకు కారణమును వెదుకవలెను గాని, పడని దానిని వెదుకరాదు.

ఎర్తు గుంట సంగతి

ఇస్త్రీ పెట్టె, కూలరు, నీటి మోటారు, ఫ్రిజ్జు మొదలగు వాని లోహపు ఒంటికి లోపలి కరెంటు తీగె తగిలినచో, ఆ కరెంటు మన శరీరము గుండ కాక వేరు దారిన భూమిలోనికి పోవుటకు ఏర్పాటు చేసినదే ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండు లావు పిన్ను దానిదే. అది తక్కిన రెండింటికంటె పొడవుగా నుండుటకును కారణము కలదు. ప్లగ్గు లోపలికి పోవునప్పుడు మొదట ఎర్తు తగులవలెను, బయటికి వచ్చునప్పుడు చివర విడిపోవలెను. ఆ పిన్నును విరిచివైచి రెండు పిన్నుల బోర్డులో దూర్చుట మన గ్రామములలో కద్దు. ఇంత ఆలోచించి చేసిన రక్షణను చేతులార విరిచివేయుట చూచినప్పుడు మనస్సు కలుక్కుమనును.

పిన్ను ఉన్నంత మాత్రమున చాలదు. దాని వెనుక గుంట ఉండవలెను. 40 మిల్లీమీటర్ల వ్యాసముగల జింకుపూత ఇనుప గొట్టమును, సుమారు రెండున్నర మీటర్ల పొడవున, గోడకు ఒకటిన్నర మీటరు దూరమున నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా నింపుట వాడుకలోనున్న పద్ధతి. గొట్టము పై కొనకు గరాటు అమర్చి నీరు పోయుదురు. ఆ నీరే ఎర్తునకు ప్రాణము. కోనసీమ వంటి డెల్టా భూములలో నేల ఏడాది పొడుగున చెమ్మగా నుండును గనుక ఎర్తు సులభముగా కుదురును. రాయలసీమ రాతి నేలలలోను, తెలంగాణ మొరపనేలలలోను అట్లు కాదు. నల్లరేగడి భూములు వేసవిలో బీటలువారి గొట్టమునుండి విడిపోవును. వైశాఖ, జ్యేష్ఠ మాసములలో కూలరు తిరుగుచుండును, గుంట ఎండియుండును. కూలరు వలన కలుగు ప్రమాదములలో ఈ రెండింటి కలయికయు ఒక కారణము.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూపుట అవసరము. ఒక ఇంటి ఎర్తు గుంట అడ్డు 20 ఓములనుకొందము, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు అడ్డు 3 ఓములు. కూలరు ఒంటికి కరెంటు తగిలినచో ఆ దారిన పోవునది 230 ని 23 చేత భాగించగా వచ్చు 10 ఆంపియర్లు మాత్రమే. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కదలదు. అనగా ఎర్తు ఉండియు, ఫ్యూజు ఉండియు, కూలరు ఒంటిపై 200 వోల్టులు అట్లే నిలిచియుండును. ఎర్తు పెట్టించితిమి, ఇక భయము లేదని తలచిన ఇంటిలో కూడ ప్రమాదము జరుగుటలోని రహస్యము ఇది.

కొందరు పనివారు ఫేజుకును ఎర్తుకును మధ్య ఒక బల్బు వెలిగించి చూపి, ఎర్తు బాగున్నదని చెప్పి డబ్బు పుచ్చుకొని పోవుదురు. నూరు వాట్ల బల్బునకు కావలసినది అర ఆంపియరు కంటె తక్కువ. గుంట అడ్డు 50 ఓములున్నను ఆ బల్బు ఇంచుమించు నిండుగానే వెలుగును. కాబట్టి బల్బు సాక్ష్యము చెల్లదు. ఎర్తు కొలుచుటకు ప్రత్యేకమైన పరికరము కలదు, దానితో కొలిచి ఓముల లెక్క చెప్పుమని అడుగవలెను.

ఎర్తు విషయమున రెండు దురలవాట్లు కలవు. బోర్డులో ఎర్తు రంధ్రమును న్యూట్రలు తీగెతో కలిపివేయుట మొదటిది. స్తంభముపై న్యూట్రలు తెగిననాడు ఆ ఇంటిలోని ప్రతి లోహపు వస్తువునకును కరెంటు ఎక్కును. న్యూట్రలు పోయినప్పుడు లైన్‌మన్ వచ్చువరకు ఆగలేక, దాని బదులు ఎర్తు తీగెను తగిలించి దీపములు వెలిగించుకొనుట రెండవది. ఇట్లు చేసినవాని గుంట అడ్డు ఎక్కువైనప్పుడు ఆ గుంట చుట్టు తడి నేల కూడ ప్రమాదస్థలమగును. ఆ ఎర్తుకు కలిసియున్న ప్రతి వస్తువు అంతే. పొరుగింటి పసిబిడ్డకు ఈ లెక్కలు తెలియవు గదా!

ముప్పది మిల్లీ ఆంపియర్ల కావలి

మనిషిని కాపాడు పరికరము వేరుగా కలదు. దానిని ఆర్.సి.సి.బి. అందురు. పంచాయతీ పద్దులు చూచు సభ్యులకు దీని పనితీరు ఇట్టే బోధపడును. ఫేజు తీగె మీద ఇంటిలోనికి ఎంత కరెంటు పోయినదో, న్యూట్రలు మీద తిరిగి అంతయు రావలెను. జమకును ఖర్చుకును తేడా వచ్చినదనగా, ఆ తేడా ఎక్కడనో భూమిలోనికి కారిపోవుచున్నదని అర్థము. ఒక మనిషి గుండ కూడ కావచ్చును. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరినచో, సెకనులో మూడవ వంతు లోపున అది ఇంటి సరఫరాను తెంపివేయును. తేడా పెద్దదైనచో ఇంకను త్వరగా తెంపును.

దీని మేలు ఎర్తు సరిగా లేని చోట్ల మరింత ఎక్కువ. గుంట అడ్డు 100 ఓములున్న రాతి నేలనే తీసికొందము. 30 మిల్లీ ఆంపియర్లు పోవునప్పటికి కూలరు ఒంటిపై నిలుచునది 3 వోల్టులు మాత్రమే. అప్పటికే సరఫరా తెగిపోవును. ఫ్యూజునకు చాలని ఎర్తు దీనికి సమృద్ధిగా చాలును. కొనునప్పుడు 30 మిల్లీ ఆంపియర్లని దానిపై వ్రాసియున్నదేమో చూడవలెను. నూరు, మూడు వందల మిల్లీ ఆంపియర్లవి అగ్నిప్రమాదముల నివారణకు గాని మనిషి రక్షణకు కావు. దీనికి తోడు ఎం.సి.బి.యు ఉండవలసినదే, ఒకటి చేయు పని రెండవది చేయదు. ఒక చేత ఫేజు, రెండవ చేత న్యూట్రలు పట్టుకొన్నవానిని ఆర్.సి.సి.బి. కూడ కాపాడలేదు, ఏలయనగా ఆ జమాఖర్చులలో తేడా రాదు. మీటరునుండి ఇంటిలోనికి వచ్చు చోట దీనిని పెట్టుదురు గనుక, వీధిలోని సర్వీసు వైరు ఒరసికొని దండెమునకు వచ్చిన కరెంటును సైతము ఇది ఆపజాలదు. అందులకు నైలాను త్రాడే మందు.

దానిపై "టి" అను అక్షరముగల చిన్న మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి చూడవలెను. కరెంటు పోయినచో పరికరము పని చేయుచున్నదని అర్థము. ఇది గృహస్థు స్వయముగా చేయదగిన పనులలో మొదటిది, అన్నిటికంటె సులభమైనది. వానకాలములో ఆర్.సి.సి.బి. ఊరకే పడుచున్నదని దానిని తప్పించి తీగెలు నేరుగా కలిపించుకొనువారు కలరు. అది ఊరకే పడదు. ఇంటిలోని ప్లగ్గులన్నియు పెరికివేసి, దానిని పైకెత్తి, ఒక్కొక్క ప్లగ్గును తిరిగి పెట్టుచు రావలెను. ఏది పెట్టినప్పుడు పడునో ఆ వస్తువులో లోపమున్నది. ప్లగ్గులన్నియు తీసినను నిలువనిచో గోడలోని తీగెలోనికి నీరు దిగినదన్నమాట. అప్పుడు పని తెలిసినవానిని పిలువవలెను.

మన చేతికి విడిచిన పనులు

విద్యుత్ పని విషయమున చట్టము గృహస్థును పూర్తిగా దూరముంచలేదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వ నిబంధన, వైరింగు పనులను లైసెన్సుగల కాంట్రాక్టరే చేయవలెనని చెప్పుచు, కొన్ని పనులను మినహాయించినది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, 250 వోల్టులకు మించని గృహోపకరణములు మార్చుటకు, అమరిక యొక్క సామర్థ్యమును స్వభావమును మార్చనంత వరకు, ఆ నిర్బంధము లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 లో భద్రతా నిబంధనలను క్రొత్తగా వెలువరించినప్పుడు కూడ ఈ విభజనను నిలిపినది. పాడైన దాని స్థానమున అట్టిదే పెట్టుట మన పని. క్రొత్త తీగె లాగుట, క్రొత్త పాయింటు పెట్టుట, మీటరు బోర్డు, ఎర్తు గుంట, మోటారు స్టార్టరు, ఇవి లైసెన్సుదారుని పని. స్తంభముపై నున్నదంతయు విద్యుత్ పంపిణీ సంస్థ పని.

మన పని చేయుటకును పద్ధతి కలదు. స్విచ్చి ఆపినంత మాత్రమున చాలదు. ప్రాత ఇండ్లలో స్విచ్చి ఫేజు మీద కాక న్యూట్రలు మీద పెట్టియుండుట సాధారణము. దీపము ఆరియున్నను హోల్డరులో కరెంటు ఉండును. అందుచేత మెయిన్ ఆపవలెను. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో మెయిన్ ఆపినను సగము తీగెలలో కరెంటు పోదు. దానిని కూడ ఆపవలెను. తరువాత టెస్టరుతో చూడవలెను. టెస్టరు వెలుగలేదనగా కరెంటు లేదనియే కాదు, టెస్టరే పాడై యుండవచ్చును. కాబట్టి మెయిన్ ఆపక ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుట చూచి, ఆపిన పిదప పని చోట చూచి, పని ముగించి మెయిన్ వేసిన వెంటనే మరల చూచుకొనవలెను. కాళ్లకు పొడి చెప్పులుండవలెను, చేయి తడి కాకూడదు, ఇంటిలో మరియొకరు మెయిన్ దగ్గర నిలిచియుండుట మేలు. తెలియక వచ్చి స్విచ్చి వేయు పిల్లవాని వలన జరిగిన ప్రమాదములు తక్కువ కాదు.

ప్లగ్గు మార్చునప్పుడు తీగెల రంగులు చూచుకొనవలెను. వస్తువు వెంట వచ్చు మెత్తని త్రాడులో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. గోడలోని తీగెలలో ఎరుపు, పసుపు, నీలము మూడును ఫేజులు కావచ్చును. నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. నీలము ఒక చోట న్యూట్రలు, మరియొక చోట ఫేజు అగుట గమనించితిరి గదా. ఇది పని తెలిసినవారిని సైతము మోసపుచ్చును. ప్లగ్గు లోపల ఎర్తు తీగెను తక్కిన రెండింటికంటె కొంచెము పొడవుగా విడువవలెను. ఎవరైన త్రాడు పట్టి లాగినచో ఫేజు ముందు ఊడును, ఎర్తు చివర ఊడును.

నీరు కాచు రాడ్డు పెక్కు ఇండ్లలో వాడుచున్నారు. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు తీసికొనును. దానిని 6 ఆంపియర్ల చిన్న బోర్డులో పెట్టిన బోర్డు నల్లబడుట అందుచేతనే. నీరు కాగినదా యని ప్లగ్గు తీయకుండ వ్రేలు ముంచి చూచుట మాత్రము ఎట్టి పరిస్థితిలోను కూడదు. స్విచ్చి ఆపుట కాదు, ప్లగ్గు తీసి చేతిలో పట్టుకొని, అప్పుడు నీటిని ముట్టవలెను. కూలరులో నీరు పోయునప్పుడును ఇదే నియమము.

మన వాతావరణమునకు ప్రత్యేకమైన శత్రువులు మరి కొన్ని కలవు. కుమ్మరి పురుగు ప్లగ్గు రంధ్రములలో మన్ను పెట్టి గూడు కట్టును. దానిని పిన్నీసుతో గీకబోయి చేయి కాల్చుకొన్నవారిని మేమెరుగుదుము. చీమలు, బల్లులు స్విచ్చి డబ్బాలో చేరును, ఎలుకలు అటక మీది తీగె తొడుగును కొరుకును. తీగెలు మెలివేసి నల్లటేపు చుట్టిన అతుకులు వేసవి వేడికి జిగురు కారి విప్పుకొనును. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి వదులగును. వదులైన చోట వేడి పుట్టును. బోర్డు మీద చేయి ఉంచిన వెచ్చగా తగులుట, చిటపట చప్పుడు, కాలిన వాసన, వీనిలో ఏది కనబడినను ఆ బోర్డు వాడుక ఆపవలెను. దీపములు ఒక్కసారిగా కన్ను చెదరునట్లు వెలిగినచో, వీధిలో న్యూట్రలు తెగి 230 కి బదులు 400 వోల్టుల వరకు వచ్చుచుండవచ్చును. ముందు మెయిన్ ఆపి, తరువాత పొరుగువారికి చెప్పవలెను. టెలివిజను, ఫ్రిజ్జు దక్కునో లేదో ఆ అర నిమిషములో తేలిపోవును.

దూరదేశముల నుండి వచ్చిన సామాను

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతముల నుండి గల్ఫ్ దేశములకు పనికి పోయి వచ్చువారు ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు, కెటిల్‌లు తెచ్చుచుందురు. వాని ప్లగ్గులకు పలకలుగానుండు మూడు పిన్నులు. అవి మన గుండ్రని రంధ్రములలో పట్టవు. అప్పుడు ప్లగ్గును కోసివైచి, రెండు తీగెల కొనలు ఒలిచి, రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట జరుగుచున్నది. నిజము చెప్పవలెనన్న, ఒక పంచాయతీ కార్యాలయములో మాకు ఇచ్చిన తేనీరు అట్టి అగ్గిపుల్లల కెటిల్‌లోనే కాగినది. మేము త్రాగుచు ఆ సంగతి చెప్పితిమి. మరునాటికి మూడు పిన్నుల ప్లగ్గు వచ్చినదని విని సంతోషించితిమి. ఐ.ఎస్.ఐ. గుర్తుగల 16 ఆంపియర్ల ప్లగ్గు తెచ్చి, పైన చెప్పిన రంగుల ప్రకారము బిగించినచో పని ముగియును.

ప్లగ్గు మార్చుటకు ముందు వస్తువు వెనుకనున్న పట్టీని చదువవలెను. 220 నుండి 240 వరకు వోల్టులని, 50 ఆవర్తములని యున్నచో మనకు సరిపోవును. యు.ఏ.ఇ., కువైటు, ఒమాను దేశములలో 50 ఆవర్తములే. సౌదీ అరేబియాలో 60. అచ్చటి ఇండ్లలో 127 వోల్టుల సరఫరా చాలకాలము వాడుకలో నుండెను. 127 వోల్టుల వస్తువును మన బోర్డులో పెట్టిన క్షణములో పొగ వచ్చును. అమెరికా నుండి వచ్చిన 120 వోల్టుల వస్తువుల గతియు అంతే. 60 ఆవర్తములకు మాత్రమే చేసిన మోటారు మన వద్ద నెమ్మదిగా తిరుగును, వేడెక్కును. సరఫరా ఆవర్తముల లెక్కపై నడచు గడియారము గంటకు పది నిమిషములు వెనుకబడును. ఫోను చార్జర్లు మాత్రము 100 నుండి 240 వరకు ఏ వోల్టులకైన ఓర్చును గనుక వానికి ఈ చిక్కు లేదు.

పంచాయతీ సొత్తు

ఇంతవరకు చెప్పినది గృహస్థుని సంగతి. పంచాయతీ కూడ ఒక గృహస్థే. కార్యాలయము, వీధిదీపములు, మంచినీటి మోటారు షెడ్డు దాని చేతిలోనివి. పాఠశాల, అంగన్‌వాడి వేరే శాఖలవైనను, ఊరి పిల్లలు అచ్చటనే యుందురు గనుక సభ్యులు వానిని కూడ చూడదగును. వీధిదీపముల స్విచ్చి డబ్బా చాల గ్రామములలో పిల్లవాని చేతికందు ఎత్తున, తలుపు లేక, తీగెలు వ్రేలాడుచు నుండును. దానికి తాళము వేయించుటకు అయ్యెడు ఖర్చు ఒక సమావేశపు తేనీటి ఖర్చుకంటె ఎక్కువ కాబోదు. మోటారు షెడ్డులో ఎర్తు తీగె తుప్పుపట్టి తెగియుండుట, గొట్టము మాత్రము అలంకారముగా నిలిచియుండుట మేము చూచియున్నాము. బోరు గొట్టమునకు ఎర్తు కట్టి తృప్తిపడినవారు, మధ్యలో ప్లాస్టిక్ గొట్టము వేసిన నాటి నుండి ఆ ఎర్తు లేనట్లేయని గ్రహింపవలెను.

బల్బు మార్చుటకు పంచాయతీ పనివానిని స్తంభము ఎక్కించుట మిక్కిలి చెడ్డ అలవాటు. అతనికి లైసెన్సు లేదు. నడుము పటకా లేదు. పై తీగెలో కరెంటు ఆగినదను హామీ లేదు. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుండి ఎల్.సి. తీసికొని, తీగెలను భూమికి కలిపిన పిదపనే స్తంభము ఎక్కవలెనని నియమము. సర్పంచి నోటిమాటగా "ఎక్కరా, ఏమీ కాదు" అనుట ఎల్.సి. కాజాలదు. వినాయక చవితి, దసరా పందిళ్లకు స్తంభమునుండి కొండీలు తగిలించుటయు, పై తీగెల క్రిందనే ఇనుప జెండా కొయ్యను నిలుపుటయు ఈ కోవలోనివే. పందిరి వేయు స్థలమును, ఊరేగింపు దారిని ముందు రోజే లైన్‌మన్‌తో కలిసి నడచి చూచుట మంచిది.

ప్రమాదము జరిగినప్పుడు మొదట చేయవలసినది ముట్టకుండుట. ఇంటి కరెంటు అయినచో మెయిన్ ఆపవలెను. మెయిన్ అందనిచో పొడి పలకపై నిలిచి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తీగెనుండి నెట్టవలెను. వీధిలో పెద్ద తీగె తెగిపడినచో కర్ర కూడ పనికిరాదు. దరిదాపులకు ఎవ్వరిని పోనీయక 1912 కు ఫోను చేసి సరఫరా ఆపించవలెను. విడిపించిన మనిషికి ఊపిరి లేనిచో కాళ్లు చేతులు రుద్దుచు కాలము పుచ్చరాదు. 108 కి చెప్పి, వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళముల లోతు దిగునట్లు నిమిషమునకు నూరు నుండి నూట ఇరువది సారులు నొక్కుచుండవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపకూడదు. ఒకరు అలసిన మరియొకరు అందుకొనవలెను. ప్రతి వార్డునకు ఇద్దరైన ఈ పద్ధతి నేర్చియుండునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారిని అడిగి గ్రామసభ నాడే నేర్పించవచ్చును.

మేము మొదట చెప్పిన గ్రామమునకు ఈ వేసవిలో మరల పోయితిమి. వీధిలో ఇనుప దండెములు మూడు మాత్రము మిగిలియున్నవి. పాఠశాల వెనుక ఎర్తు గుంట మీద సిమెంటు మూత, ప్రక్కన ఒక ప్లాస్టిక్ బిందె కనబడినవి. ఫాల్గుణము నుండి వానలు పడువరకు వారమునకు రెండు బిందెల నీరు పోయుట వాచ్‌మన్ పనియని పంచాయతీ తీర్మానించినదట. మేము మూత ఎత్తి చూచితిమి. లోపల తడిగానే యున్నది.